మోకు దగ్గర నిలబడ్డవాడు

ఒడిశాలోని బరంపురం హల్దియాపదర్‌లో నన్ను పోర్టు మనిషి అంటారు. ఏం పని చేశావని అడిగినవాళ్లకు టగ్గు సారంగును, అంటే టగ్గు నడిపేవాణ్ణని చెబితే సగం మందికి అర్థం కాదు. టగ్గు సరుకు మోయదు, మనుషుల్ని ఎక్కించుకోదు. తనకన్నా ఎన్నో రెట్లు పెద్దదాన్ని లాగడానికి, నెట్టడానికి, అవసరమైతే ఆపడానికి కట్టిన చిన్న బోటు అది. పొట్టనిండా ఇంజినే, వెనక ఒక హుక్కు, ఆ హుక్కుకు ఒక మోకు. నా పనికాలమంతా అలాంటి బోట్ల మీదే గడిచింది. అందులో ఎక్కువ భాగం మా మేనమామ కుటుంబం కాకినాడలో నడిపిన టగ్గుల మీద. కాకినాడ రేవు గురించి రాసినవాళ్లు ఎగుమతుల లెక్కలు రాశారు, ఓడల గురించి రాశారు. సరుకు మోసే బార్జీలనూ టగ్గులనూ సొంతంగా నడిపిన ఇళ్ల గురించి ఎవరైనా నాలుగు మాటలు రాస్తారేమోనని చాలా కాలం చూశాను. ఇప్పుడు నాకు తెలిసినంత నేనే రాస్తున్నాను.

మాది గోపాల్‌పూర్ ఒడ్డు. మేం వాడబలిజలం, ఒడియా వాళ్లు నోలియాలంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా గంజాం, బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఆ రోజుల్లో గోపాల్‌పూర్‌లో ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. లోతు నీటిలో లంగరు వేసుకుని దూరంగా ఆగేది. రంగూను వెళ్లే కూలీలను, మూటలను, పెట్టెలను అక్కడిదాకా చేర్చింది మా తాత లాంటి తెడ్డువాళ్లు. వాళ్ల పడవల్లో ఒక్క మేకు ఉండదు. పలకకు పలకను కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు. మేకులు కొట్టిన పడవ ఈ ఒడ్డు కెరటాల్లో నేలకు తగిలితే పలకలు చీలిపోతాయి. కుట్టిన పడవ వంగుతుంది, సాగుతుంది, మళ్లీ తన ఆకారానికి వస్తుంది. దాన్నే దొరలు మసూలా పడవ అన్నారు. 1942లో బర్మా జపాను చేతికి పోయింది, రంగూను స్టీమర్లు ఆగాయి. మా తాత తెడ్డు పక్కన పెట్టి వలల పనికి వెళ్లాడు.

విశాఖలో మా బంధువుల పడవలకు ఈ గతి ఇంకా ముందే పట్టింది. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే స్టీమరు కొత్త హార్బరు లోపలికి వచ్చింది. ఓడ తానే గట్టుకు చేరగలిగితే మధ్యలో పడవ ఎందుకు? మా కులం మొత్తం మీద పడ్డ ప్రశ్న అది. కానీ ఇంకో సంగతి ఉంది. ఇరుకు కాలువలో అంత పెద్ద ఓడ సొంతంగా తిరగలేదు, దాన్ని పట్టి తిప్పడానికి టగ్గు కావాలి. గట్టు కట్టిన ప్రతిచోటా పడవవాడి పని పోయింది, టగ్గువాడి పని పుట్టింది. ఎటొచ్చీ పడవ మా ఇంటిది, టగ్గు పోర్టుది.

కాకినాడలో మాత్రం పడవ నుంచి టగ్గుకు అడుగు వేసింది ఆ ఇళ్లవాళ్లే. దానికి కారణం అక్కడి సముద్రం. గోదావరి తెచ్చిన ఇసుక పేరుకుని తూర్పున హోప్ ఐలాండ్ అనే పొడవాటి దిబ్బ ఏర్పడింది, దాదాపు 16 కిలోమీటర్లు ఉంటుంది. ఆ దిబ్బ చాటున కాకినాడ ఉప్పునీరు చాలా రోజులు నెమ్మదిగా ఉంటుంది. అదే గోదావరి అదే బురదతో ఆ నీటి లోతును ఏడాదికేడాది తగ్గిస్తూ ఉంటుంది. అందువల్ల పెద్ద ఓడ లోపలికి రాలేదు, దూరంగా లంగరు వేసుకుంటుంది. కానీ ఆ ఓడ పక్కన బార్జీ కట్టి, రోజుల తరబడి బస్తాలు ఎక్కించేంత శాంతం ఉంటుంది. దేశంలో ఇంత పెద్ద లంగరు రేవు ఇంతకాలం బతకడం ఈ రెండు సంగతులూ కలవబట్టే. జగన్నాథపురం వంతెన దిగువన ఉప్పుటేరు గట్లమీద బియ్యం గోదాములు, ఏటిలో వరసగా బార్జీలు, బయట సముద్రంలో స్టీమర్లు. ఈ మూడింటినీ కలిపేది టగ్గు.

మా మావయ్య అక్కడికి కళాసీగా, అంటే డెక్కు మీద తాళ్ల పనివాడిగా, వెళ్లాడు. అప్పటికి ఇంకా కొయ్య నావలే. తాళ్లరేవు వైపు వడ్రంగులు కట్టినవి. ఏటిలో గెడలు వేసుకుంటూ, బయటికి రాగానే తెరచాప ఎత్తుకుంటూ స్టీమరు దగ్గరికి పోయేవి. గాలి లేకపోతే ఆగిపోయేవి. స్టీమరుకు రోజుకు ఇంత అని ఆలస్యపు రుసుము ఎక్కుతుంటే, ఎగుమతిదారు గట్టుమీద నిలబడి గాలి కోసం చూసేవాడు. మావయ్యకు బుర్ర వెలిగింది అక్కడే. నావలు కొనడానికి అందరూ డబ్బు పెడుతున్నారు, వాటిని లాగే ఇంజిన్ బోటు ఎవరి దగ్గరా చాలడం లేదు. అత్తయ్య నగలు పెట్టి, వాడిన చేపల బోటు ఇంజిను ఒకటి కొని, కొయ్య బోటులో బిగించాడు. అది నిజమైన టగ్గు కాదు. హుక్కు బదులు ఒక కొయ్య దిమ్మ, దానికి నాలుగు చుట్లు తాడు. అయినా గాలి లేని రోజున దాని వెనక నావలు వరస కట్టాయి. ఆ డబ్బుతో ఉక్కు బోటు వచ్చింది, దానికి అమ్మమ్మ పేరు పెట్టారు. తరవాత సొంత బార్జీలు, ఇంకో టగ్గు, ఇంకోటి.

నేను చేరేసరికి ఆ ఇంట్లో టగ్గు అనేది ఆస్తి కాదు, ఇంటి పని. పెద్ద బావ ఇంజిన్ డ్రైవరు. చిన్న బావ బియ్యం ఏజెంట్ల దగ్గర తిరిగి పని తెచ్చేవాడు. నన్ను డెక్కు మీద మోకు దగ్గర పెట్టారు. అల్లుడినని తేలిక పని ఇస్తారనుకున్న వాళ్లున్నారు. మోకు దగ్గర తేలిక పని లేదు.

లాగడం అంటే తాడు కట్టి ఇంజిను తొక్కడం అనుకుంటారు కొత్తవాళ్లు. నిండు బార్జీ మొదట కదలదు. తాడు నెమ్మదిగా నీళ్లలోంచి లేవాలి, బిగుసుకోవాలి, నీరు చుక్కలుగా పిండుకోవాలి. అప్పుడే ఇంజిను పెంచాలి. తొందరపడి పెంచావా, తాడు తెగి వెనక్కి కొడుతుంది. నైలాన్ మోకు సాగి తెగితే ఆ దెబ్బకు కాళ్లు పోయినవాళ్లను చూశాను. ఏటిలో తాడు పొట్టిగా ఉండాలి, లేకపోతే మలుపులో బార్జీ గట్టుకు తగులుతుంది. ఏటి నోరు దాటి కెరటాల్లోకి రాగానే తాడు పొడుగు వదలాలి, లేకపోతే టగ్గు ఒక కెరటం ఎక్కుతున్నప్పుడు బార్జీ ఇంకో కెరటం దిగుతూ తాడును తెంపుతుంది. స్టీమరు దగ్గరికి రాగానే మళ్లీ కుదించుకుని, బార్జీని పక్కకు కట్టుకుని, గాలి తగలని వైపు నుంచి ఓడకు ఆనించాలి. ఈ మూడు పొడవుల మధ్య మార్పు ఎక్కడ చెయ్యాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. పోటు నీరా, పాటు నీరా, బార్జీ ముందు వైపు బరువుందా వెనక వైపుందా, ఇవన్నీ చూసి సారంగు చెయ్యి ఎత్తుతాడు, కళాసీ తాడు వదులుతాడు.

తాళ్ల లెక్క అత్తయ్యది. ఆమె చదువు ఐదో తరగతి. పొడుగాటి చిట్టా పుస్తకంలో ప్రతి మోకుకూ ఒక పేజీ ఉండేది. ఏ నెలలో కొన్నారు, ఏ టగ్గు మీదికి వెళ్లింది, ఎప్పుడు కొస మార్చి తిరగేశారు, అన్నీ రాసేది. లాగే మోకు ఒక కొస దగ్గరే ఎక్కువ అరుగుతుంది. అందుకని కొన్నాళ్లకు తిరగేసి రెండో కొసను హుక్కుకు వేస్తారు. అదీ అరిగాక కోసి గట్టుకు కట్టే తాళ్లు చేస్తారు. వాటికి కాలం చెల్లాక పీచు విప్పి టైర్లు వేలాడదీసే వలలు అల్లుతారు. ఏ మోకు లాగుడుకు పనికిరాదో అత్తయ్య పుస్తకం చెప్పేది. మేం ఇంకో నెల నడుస్తుందని వాదిస్తే ఆమె ఒప్పుకునేది కాదు. డబ్బు ఖర్చు పెట్టే చెయ్యీ ఆమెదే, ఆ మోకు పక్కన నిలబడేది ఆమె కొడుకులూ అల్లుడూ. ఒక కుటుంబం నడిపే టగ్గులకు ఉన్న బలం ఇందులోనే ఉందని నేను నమ్ముతాను. తాడుకు డబ్బిచ్చే మనిషి, తాడు తెగితే ఏడవాల్సిన మనిషి ఒక్కరే.

ఇలాంటి ఇళ్లు కాకినాడలోనే కాదు, ప్రపంచమంతా ఉన్నాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా అబ్బాయి తన టగ్గు ట్రైనింగులో విని వచ్చి చెప్పాడు. అమెరికా పడమటి ఒడ్డున టకోమాలో థియా ఫాస్ అనే నార్వే ఆడమనిషి 1889లో ఐదు డాలర్లకు ఒక పాత తెడ్డు పడవ కొని, రంగు వేసి, అద్దెకిస్తూ మొదలుపెట్టింది. ఆమె భర్త వడ్రంగి, పడవలు కట్టేవాడు. ఆ ఇంటి పేరుతో పెరిగిన టగ్గులు పసిఫిక్ ఒడ్డంతా తిరిగాయి. న్యూయార్కులో మెకాలిస్టర్ కుటుంబం వ్యాపారం 1864లో ఒకే ఒక్క తెరచాప నావతో, అచ్చం మా కాకినాడ నావల పనే చేస్తూ ఆరంభమైంది. ఓడ నుంచి గట్టుకు సరుకు చేరవేసే పని అది. తరవాత టగ్గుల్లోకి వచ్చింది, ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. అదే ఊళ్లో 1860లో మొదలైన మోరాన్ వాళ్ల టగ్గులు 1994లో బయటివాళ్ల చేతికి పోయాయి. ఫాస్ వాళ్లవీ 1969లోనే అమ్ముడయ్యాయి. అబ్బాయి చెబుతుంటే నేను అత్తయ్య చిట్టా పుస్తకం గురించే ఆలోచించాను. ఆ టకోమా ఆవిడ గురించి పుస్తకాలున్నాయి. ఆమె పేరు మీద అక్కడ ఒక జలమార్గమే ఉంది. మా అత్తయ్య చిట్టాలు ఇల్లు మారినప్పుడు పాత కాగితాలవాడికి పోయాయి.

హుక్కు గురించి చెప్పకుండా టగ్గు గురించి చెప్పినట్టు కాదు. టగ్గును చంపేది తుఫాను కన్నా తన సొంత మోకే. మోకు టగ్గు వెనక నేరుగా ఉన్నంతసేపు భయం లేదు. లాగుతున్న బార్జీ ప్రవాహానికి పక్కకు జరిగినా, లేక ఓడ తన ఇంజినుతో ముందుకు దూసుకుపోయినా, మోకు టగ్గు పక్కకు వస్తుంది. అప్పుడు ఆ బరువంతా టగ్గును పక్క నుంచి పట్టి పడదోస్తుంది. డెక్కు మునుగుతుంది. ఉక్క పోస్తోందని ఇంజిన్ గది తలుపు తెరిచి పెట్టి ఉంటే నీళ్లు లోపలికి దూకుతాయి. దేవుణ్ణి తలుచుకునే వ్యవధి కూడా ఉండదు, బోటు బోర్లా పడుతుంది. ఇలా పోయిన టగ్గులు ప్రతి దేశంలోనూ ఉన్నాయి. చెయ్యగలిగింది ఒక్కటే, టగ్గు ముక్కును మోకు వైపు తిప్పడం, అది కుదరకపోతే మోకు వదిలెయ్యడం. పాత హుక్కులు బరువు మీద తెరుచుకునేవి కావు. అందుకని హుక్కు పక్కన పదును పెట్టిన గొడ్డలి ఉండేది. మావయ్య ప్రతి వారం స్వయంగా వచ్చి దాని అంచు మీద బొటనవేలు పెట్టి చూసేవాడు.

ఆయన మాట ఒకటి ఆ బోట్లన్నింటి మీదా చట్టంలా నడిచింది. "తాడు కోసినోడిని నేనేటీ అడగను. కొయ్యనోడినే అడుగుతాను."

ఒక సాయంత్రం పాటు నీరు గట్టిగా లాగుతోంది. నిండు బియ్యం బార్జీతో ఏటి నోరు దాటుతున్నాం. పడమటి నుంచి గాలి లేచింది, బార్జీ ముక్కు తిరిగింది. మోకు పక్కకు వచ్చింది, డెక్కు ఒక వైపు నీళ్లలోకి దిగింది. సారంగు చక్రం తిప్పుతూనే ఉన్నాడు, బోటు తిరగడం లేదు. హుక్కు దగ్గర ఉన్న కుర్రాడు చేరి ఏడాది కూడా కాలేదు. ఎవరి మొహమూ చూడలేదు, ఎవరి మాటకూ ఆగలేదు. గొడ్డలి తీసి మోకు మీద వేశాడు. టగ్గు ఒక్క ఊపున లేచి నిలబడింది. బార్జీ కొట్టుకుపోయి హోప్ ఐలాండ్ వైపు బురదలో కూర్చుంది, మర్నాడు పోటులో లాక్కొచ్చాం. అడుగు వరస బస్తాలు తడిశాయి, ఆ నష్టం మావయ్య కట్టుకున్నాడు. కుర్రాడిని ఇంటికి పిలిచి భోజనం పెట్టారు. అత్తయ్య వాడికి వడ్డిస్తూ, "ఏటిరా అయ్యా, బయమేసిందా?" అంది. "అప్పుడు కాదమ్మా, ఇప్పుడేస్తంది" అన్నాడు వాడు. మోకు ధర మాట ఎవరి నోటా రాలేదు. తరవాత వాడే మా రెండో టగ్గుకు సారంగయ్యాడు.

అలాగని ఆ కుటుంబ వ్యాపారం అంతా పూలబాట అని రాస్తే అబద్ధమవుతుంది. కళాసీలకు ప్రావిడెంట్ ఫండు లేదు. జీతం కొంత, తడవకు బత్తా కొంత. వానాకాలంలో స్టీమర్లు తగ్గితే బత్తా లేదు. దెబ్బ తగిలితే మావయ్య ఆసుపత్రి ఖర్చు పెట్టేవాడు, నిజమే, కానీ అది ఆయన మంచితనం మీద ఆధారపడింది, హక్కు కాదు. అంత మంచితనం లేని యజమానుల బోట్ల మీద పనిచేసిన నా స్నేహితుల సంసారాలు ఎలా నడిచాయో నాకు తెలుసు. అల్లుడిగా నాకు ఇంకో కష్టం ఉండేది. మిగతావాళ్లు జీతం పెంచమని అడగగలరు, నేను అడగలేను.

1996 నవంబర్ 6 తుఫాను ఆ ఇంటి వెన్ను విరిచింది. కాకినాడకు దక్షిణాన తీరం దాటి, కోనసీమను ఊడ్చేసింది. వేటకు వెళ్లినవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. మేం ముందురోజే బోట్లన్నీ ఉప్పుటేరు లోపలికి తెచ్చి, ఉన్న మోకులన్నీ రెట్టింపు చేసి కట్టాం. అయినా ఒక బార్జీ తాళ్లు తెంపుకుని గట్టెక్కి కూర్చుంది. అమ్మమ్మ పేరున్న టగ్గు కట్టినచోటే మునిగింది. నీళ్లలోంచి పైకి తీసి, ఇంజినును ముక్కముక్కగా విప్పి డీజిల్‌తో కడిగి మళ్లీ బిగించాం. పెద్ద బావ ఆ ఇంజిను పక్కనే పడుకునేవాడు. బీమా లేదు. అప్పు తెచ్చారు, ఆ అప్పు చాలా కాలం తీరలేదు. ఆ మరుసటి ఏడే, 1997లో, కాకినాడలో లోతు నీటి రేవు పని మొదలెట్టింది. ఓడలు నేరుగా గట్టుకు వచ్చాయి. విశాఖ పడవలకు 1933లో వచ్చిన ప్రశ్న మా ఇంటి గుమ్మంలోకి వచ్చింది.

లంగరు రేవు మాత్రం చావలేదు. బియ్యం బస్తాకు బార్జీయే చౌక. గట్టు మీద చోటు కోసం క్యూ కట్టనక్కరలేదు. కానీ బోట్లు ఎక్కువ, పని చాలదు. అప్పుడే మావయ్య ఒక టగ్గునూ రెండు బార్జీలనూ సీజనుకు అద్దెకిచ్చి గోపాల్‌పూర్ పంపాడు, నన్ను సారంగుగా. నా ఊరికి అలా తిరిగొచ్చాను.

గోపాల్‌పూర్‌లో 1987లో ఒడిశా ప్రభుత్వం మళ్లీ రేవు తెరిచింది, అదీ వాన లేని కాలానికి మాత్రమే. ఓడ బయటే ఆగేది, సరుకు బార్జీలు మోసేవి. మా తాత చేసిన పనే, తెడ్డు బదులు టగ్గు. ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ వాళ్లు సముద్రపు ఇసుక నుంచి తీసే ఇల్మనైటు ముఖ్యమైన సరుకు. బియ్యం మోసిన చేతులకు ఆ సరుకు కొత్త పాఠం చెప్పింది. నల్లటి ఇసుక, నీటికన్నా నాలుగున్నర రెట్లు బరువు. బార్జీ అడుగున పరుచుకుని సగం ఖాళీగా ఉన్నట్టు కనపడుతుంది, బయట చూస్తే బార్జీ అంచులదాకా దిగి ఉంటుంది. బరువంతా అడుగునే ఉండటంతో బార్జీ నెమ్మదిగా ఊగదు, తటాలున అటూ ఇటూ కొడుతుంది. ఆ కుదుపు మోకు మీదుగా టగ్గులోకి వస్తుంది. పైగా ఇక్కడ హోప్ ఐలాండ్ లేదు. సముద్రం తలుపు తీసిన ఇల్లు, బంగాళాఖాతం ఎక్కడ కదిలినా ఆ అల ఇక్కడికి వస్తుంది. కాకినాడలో నేర్చుకున్న తాడు పొడవులు ఇక్కడ పనికిరాలేదు. మా నాన్న వయసు ముసలాయన ఒకడు గట్టు మీద కూర్చుని కెరటాల వరసలు లెక్కపెట్టి, పెద్దవి పోయాక వచ్చే నెమ్మదిలో బయలుదేరమని చేత్తో సైగ చేసేవాడు. ఏ పోర్టు జీతమూ లేని మనిషి. ఆయన చెయ్యి చూసి నేను టగ్గు నడిపాను.

రుషికుల్య నది నోటి దగ్గర తాబేళ్లు లక్షలుగా గుడ్లు పెట్టే కాలం కూడా ఆ వాన లేని సీజనే. నీటి మీద తలలు కనపడితే ఇంజిను తగ్గించడం ఆ సీజన్లలో మాకు అలవాటైంది. ప్రొపెల్లరుకు తాబేలు చిక్కడం చూసిన తరవాత ఎవరూ చెప్పనక్కరలేదు.

తరవాత గోపాల్‌పూర్ రేవు ప్రైవేటు చేతికి వచ్చింది, అడ్డుగోడలు కట్టి అన్ని కాలాలకూ పనికొచ్చేలా గట్టు కట్టడం మొదలుపెట్టారు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను సరిగ్గా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. రేవు చాలా దెబ్బతింది, మళ్లీ నిలబడటానికి సమయం పట్టింది. 2017లో షాపూర్జీ పల్లోంజీ వాళ్లు, 2024లో అదానీ వాళ్లు ఈ రేవును తీసుకున్నారు. ఇప్పుడు ఓడ గట్టుకే వస్తుంది. బార్జీలు లేవు. మా టగ్గు అంతకు చాలా ముందే కాకినాడ తిరిగి వెళ్లి పాత ఇనుముకు అమ్ముడైంది. నేను వెళ్లలేదు. పిల్లల చదువులకని బరంపురంలోనే ఉండిపోయాం, హల్దియాపదర్‌లో ఇల్లు కట్టుకున్నాం. రేవుకు పోయే లారీలు ఇప్పుడు నేషనల్ హైవే మీద రాత్రంతా నడుస్తాయి.

మా అబ్బాయి ఒక తూర్పు తీరపు రేవులో కంపెనీ టగ్గు మీద మేటు, అంటే సారంగు తరవాతివాడు. ఒకసారి అనుమతి తీసుకుని చూపించాడు. కింద రెండు ప్రొపెల్లర్లు, ఒక్కొక్కటీ చుట్టూ ఏ వైపుకైనా తిరుగుతుంది. టగ్గు పక్కకు నడుస్తుంది, ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. లాగుడు శక్తి 60 టన్నులు, మా అమ్మమ్మ బోటు ఐదారు టన్నులు లాగితే గొప్ప. మోకు ముందు వైపు, తాడు చుట్టే వించి నుంచి పోతుంది. వదలాలంటే గొడ్డలి అక్కరలేదు, సారంగు కూర్చున్న చోటే ఒక మీట ఉంది. పని గంటలకు లెక్క, జీతానికి చీటీ, దెబ్బ తగిలితే బీమా. నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. ఇవన్నీ మా కళాసీలకు ఎప్పుడో ఉండాల్సినవి.

ఇంకొకటి కూడా గర్వంగా చెప్పాలి. దేశంలో ఎన్నో రేవుల టగ్గులను నడిపిన ఓషన్ స్పార్కిల్ సంస్థ సముద్రం లేని హైదరాబాదులో పుట్టింది, 1995లో కొందరు నావికా నిపుణులు కలిసి పెట్టారు. 2022లో అదానీ వాళ్లు కొనేనాటికి దానికి సొంతంగా 94 నౌకలున్నాయి. టగ్గుల పని తెలిసిన తెలుగువాళ్లు ఈ దేశంలో తక్కువ లేరు. కాకినాడ ఏటి గట్టున ఆ పని నేర్చినవాళ్లు మాత్రం ఆ లెక్కల్లో కనపడరు.

అబ్బాయిని ఒక ప్రశ్న అడిగాను. ఆ మీట నొక్కి మోకు వదిలితే తరవాత ఏమవుతుందని. రిపోర్టు రాయాలి నాన్నా, ఎందుకు వదిలావో ఎవరెవరికో చెప్పాలి అన్నాడు. రిపోర్టు రాయడం తప్పు కాదు, రాయకపోతే ఎవరూ నేర్చుకోరు. కానీ మీట మీద చెయ్యి పెట్టిన కుర్రాడి బుర్రలో ఆ రిపోర్టు ముందు మెదలకూడదు. వాడు ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు, బోటు పోతుంది. మావయ్య మాటను ఆ పెద్ద టగ్గుల మీద కూడా ఎవరో ఒకరు పైనుంచి, గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పాలి. యంత్రం ఎంత మంచిదైనా ఆ మాట చెప్పే పని యంత్రం చెయ్యదు.

కాకినాడలో ఇంకా కొన్ని కుటుంబాలు బార్జీలు, టగ్గులు నడుపుతున్నాయి. మావయ్య, అత్తయ్య పోయారు. పంపకాల్లో బోట్లు విడిపోయాయి. ఇప్పుడు చిన్న బావ కొడుకుల దగ్గర ఒక టగ్గు, కొన్ని బార్జీలు మిగిలాయి. వాళ్ల బతుకు బియ్యంతో ముడిపడి ఉంది. 2021లో లంగరు రేవులో బియ్యం ఓడలు పేరుకుపోయి, లోతు నీటి రేవులోనూ బియ్యానికి అనుమతి ఇచ్చారు. 2023 జులైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు, 2024 సెప్టెంబరులో మళ్లీ వదిలారు. ఢిల్లీలో ఒక ఉత్తర్వు వస్తే ఉప్పుటేరులో బార్జీలు తాళ్లకు వేలాడుతూ తుప్పు పడతాయి. అప్పు వడ్డీ మాత్రం ఆగదు. తుప్పు కొట్టించి రెడ్ లెడ్ రంగు వేయించడానికి కూడా డబ్బు లేని నెలలు వాళ్లకు నడిచాయి. అలాంటి నెలల్లోనే పాత మోకును ఇంకో నెల నడిపిద్దామనిపిస్తుంది.

ఆ ఇళ్లవాళ్ల తరఫున నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఏటి నోరు ఏటేటా తవ్వాలి, టగ్గు పోటు కోసం కాచుకోనక్కరలేకుండా. ప్రతి టగ్గు హుక్కునూ సీజనుకు ముందు బరువు మీద పెట్టి తెరిపించి చూడాలి, కాగితం మీద టిక్కు పెట్టి వదిలెయ్యకూడదు. ఎగుమతులు ఆపినప్పుడు బార్జీ కళాసీలకు వేట నిషేధ కాలంలో జాలర్లకు ఇచ్చినట్టు భృతి ఇవ్వాలి. బార్జీలు లాగిన అనుభవాన్ని లైసెన్సు పరీక్షల్లో లెక్కలోకి తీసుకోవాలి. ఈ ఏటిలో పదేళ్లు మోకు పట్టిన కుర్రాడు కంపెనీ టగ్గు మీద మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సి రావడం అన్యాయం. ఇంకా ఎవరి అటకల మీదైనా పాత చిట్టాలు, తాళ్ల పద్దులు, బార్జీ రిజిస్టర్లు ఉంటే అమ్మెయ్యకండి. కాకినాడలో ఒక కాలేజీ గ్రంథాలయమైనా వాటిని తీసుకుని భద్రపరచాలి. ఎవరైనా ముందుకొస్తే, ఏ ఇళ్లలో ఏముందో చిన్న బావ కొడుకులతో కలిసి గుమ్మం గుమ్మం తిరిగి అడగడానికి నేను హల్దియాపదర్ నుంచి వస్తాను.